సరిపోయిన గౌను

మాస్టరు దగ్గర కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్ళు ఉండరు. ఎవరో కుట్టినవి, ఎక్కడో కొన్నవి, అన్న విడిస్తే తమ్ముడికి వచ్చినవి, ఇలా ఒంటికి నప్పకుండా పోయిన బట్టలన్నీ ఆయన దగ్గరికి చేరతాయి. పొట్ట పెరిగినవాడికి పాంటు నడుం వదులు చేస్తాడు. జ్వరపడి లేచినవాడికి చొక్కా బిగిస్తాడు. ఎక్కడ విప్పాడో, ఎక్కడ కుట్టాడో పట్టుకోండి చూద్దాం అని పందెం వేస్తే ఇరవై ఏడేళ్ళలో ఒక్కరూ నెగ్గలేదు. పాత కుట్టు వదిలిన సూది రంధ్రాలు కూడా తడిగుడ్డ వేసి ఇస్త్రీతో పూడ్చేస్తాడు. మేడమెట్ల కింద గది, ఒక మిషను, ఒక ఇస్త్రీపెట్టె, గోడకి నిలువుటద్దం, అంతే షాపు. మనిషి కాస్త గర్విష్ఠి. అంత పనితనం ఉన్నవాడికి ఆ మాత్రం ఉండొచ్చు. కానీ ఆ పనితనమే ఆయన కొంప ముంచింది. ఎలాగో చెబుతాను.

ఆయన భార్య బస్టాండులో టికెట్లు ఇచ్చేది. అందరూ కౌంటరమ్మ అనేవాళ్ళు. పుట్టినప్పటి నుంచీ సన్నమే. అద్దం వెనక మనిషి కనబడక, కౌంటరు ఖాళీగా ఉందనుకుని జనం పక్క వరసలోకి పోతున్నారని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు. "కనబడకపోతే ఏం, వినబడతాగా!" అని ఆవిడ లోపల్నించి కేకేసేది. నిజమే, ఆ గొంతు ప్లాట్‌ఫారం చివరిదాకా వినబడేది. తిండి తక్కువేం కాదు. నలుగురితో సమానంగా తినేది, ఒంటికి మాత్రం పట్టేది కాదు. "తిన్నదంతా నీ నోటికే ఖర్చయిపోతోందే" అనేది వాళ్ళక్క. మాస్టరు మాత్రం పిట్టా అని పిలిచేవాడు. కొనుక్కొచ్చిన బట్టలేవీ ఆవిడకి సరిపోవు కాబట్టి, ఆయన కొత్తగా కుట్టేవి ఆవిడ గౌన్లు మాత్రమే. నాలుగు గౌన్లు, నాలుగూ అతికినట్టు ఉండేవి. ఇంత టైలరు పెళ్ళామై ఉండి ఆవిడకి సూదిలో దారం ఎక్కించడం రాదు. గుండీ ఊడితే అరచేతిలో పెట్టుకుని షాపుదాకా నడిచొచ్చేది.

యాభై రెండో ఏట పేగులో గడ్డ బయటపడింది. ఆపరేషను చేసి తీసేశారు. కానీ దాని తాలూకు నలుసులు ఒంట్లో ఇంకా ఉన్నాయనీ, ఇరవై ఒక్క రోజులకోసారి ఆరు విడతలు మందు ఎక్కించాలనీ డాక్టరమ్మ చెప్పింది. అది ఎలాంటి మందో కూడా దాచకుండా చెప్పింది. "జబ్బుని చంపే మందు మనిషిని కూడా పీల్చేస్తుంది. లావుగా ఉన్నవాళ్ళకి కాస్త నిలవ ఉంటుంది. ఈవిడ దగ్గర ఆ నిలవ లేదు. ఇప్పుడు నలభై నాలుగు కిలోలున్నారు. నలభైకి దిగితే నేను మందు ఎక్కించలేను. మధ్యలో ఆపితే గడ్డ ఊరుకోదు. మీ పనల్లా ఈవిణ్ణి నలభై పైన నిలబెట్టడం" అంది. మాస్టరు తలూపాడు. నాలుగు కిలోలే కదా, చూసుకోవచ్చు అనుకున్నాడు పాపం.

మొదటి విడత అయిన మూడో రోజు నుంచీ ఆవిడ నాలిక మీద ఇనపముక్క పెట్టుకున్నట్టుందనడం మొదలుపెట్టింది. పాలు ఇనుము, గుడ్డు ఇనుము, అరటిపండు కూడా ఇనుమే. నోరంతా పూసింది. వాసన తగిలితే చాలు, లోపలున్నది బయటికొచ్చేది. వాళ్ళక్క సంచీ సర్దుకుని వచ్చి వంటగది ఆక్రమించింది. రెండు గంటలకోసారి చిన్న గిన్నెలో ఏదో ఒకటి పట్టుకుని ఎదురుగా కూర్చునేది. ప్రతిదాన్లోనూ ఒక చెంచా నూనో వెన్నో కలిపేది. "వీధిలో కుక్కకి ఇంత మర్యాద చేస్తే ఈపాటికి ఏనుగయ్యేది" అని తిడుతూనే పెట్టేది. కండ కరగకుండా రోజుకి పదిసార్లు కుర్చీలోంచి లేచి కూర్చోమన్నారు. లేచినప్పుడల్లా కౌంటరమ్మ గట్టిగా అంకె చెప్పేది. ఆరు దగ్గర ఆగిపోయేది.

అసలు చిక్కు తూకంతో వచ్చింది. వీధి మలుపులో మందుల షాపు ముందు తూకం మిషను ఉంది. ఆవిడ రోజూ పొద్దున్నే వెళ్ళి దాన్ని ఎక్కేది. నిన్నటికంటే వంద గ్రాములు తక్కువ, మొన్నటికంటే రెండొందలు తక్కువ. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. ఆ పూటకి చెంచా కూడా లోపలికి పోయేది కాదు. దిగులుతో తినకపోవడం, తినక తగ్గడం, తగ్గి దిగులు పడడం. రెండో విడతకి వెళ్ళేసరికి నలభై రెండు.

ఆసుపత్రిలో తిండి సంగతి చూసే అమ్మాయి ఒకతె ఉంది, డైటీషియను. కౌంటరమ్మ ఏడుపు విని ఆ అమ్మాయి ఒక దారి చెప్పింది. "రోజూ ఆ మిషను ఎక్కొద్దమ్మా. అది మిమ్మల్ని బెదరగొట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. మీ బట్టలున్నాయిగా, అవే చెబుతాయి. గౌను నడుం దగ్గర వదులైందనిపించిందా, ఇరవై ఒకటో రోజుదాకా ఆగకుండా వెంటనే ఫోన్ చెయ్యండి. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి పాలలాంటి తిండి లోపలికి పంపిస్తాం. తగ్గుతున్న మొదట్లో వేస్తే మనిషి నిలబడుతుంది. బాగా తగ్గాక వేసినా ఒళ్ళు పుంజుకోదు" అంది. మంచి మాటే. ఎవరికైనా పనికొచ్చే మాటే, ఒక్క టైలరు పెళ్ళానికి తప్ప.

ఆ మాట చెబుతున్న పది నిమిషాలూ మాస్టరు అక్కడ లేడు. కింద మందుల వరసలో నిలబడి ఉన్నాడు. తిరిగొచ్చాక ఆవిడ చెప్పలేదు. చెబితే ఈయన ఊరుకుంటాడా, టేపు మెళ్ళో వేసుకుని రోజుకి పదిసార్లు వెంటపడతాడు. ఇంట్లో చెంచా పట్టుకుని వెంటపడే అక్క ఒకతె చాలనుకుంది. గౌను తన ఒంటిమీదే ఉంటుంది, తనకి తెలియదా ఏంటి.

రెండో విడత అయిన ఐదో రోజున మాస్టరు షాపుకి బయల్దేరుతుంటే, ఆవిడ గదిలో అద్దం ముందు నిలబడి కనిపించింది. పచ్చ గౌను వేసుకుని ఉంది. రెండు చేతులతో నడుం దగ్గర బట్ట పట్టుకుని చూసుకుంటోంది. చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి. ఆయన అడుగు బయట పెట్టలేకపోయాడు. ఆ మనిషి నోరు మూసుకుని ఏడవడం ఆయన అంతకుముందు చూడలేదు. ఆవిడ ఏడిస్తే పక్కింటికి తెలియాలి. అలాంటిది చప్పుడే లేదు. చప్పుడు చెయ్యకుండా వెనక్కి తగ్గి వెళ్ళిపోయాడు గానీ, షాపులో ఆ రోజంతా చేతికి పని అంటలేదు.

ఉతికిన బట్టలు ఇస్త్రీకి షాపుకే తీసుకెళ్ళడం వాళ్ళింట్లో మామూలు. మర్నాడు ఆ పచ్చ గౌను ఇస్త్రీ బల్ల మీదికొచ్చింది. మాస్టరు దాన్ని కాసేపు చూశాడు. పక్కల కుట్లు విప్పాడు. అటు పావంగుళం, ఇటు పావంగుళం లోపలికి తీసుకుని మళ్ళీ కుట్టాడు. మిగిలిన బట్ట కత్తిరించలేదు. కోలుకుని ఒళ్ళు చేస్తే మళ్ళీ వదలొచ్చు కదా అని లోపలే మడిచిపెట్టాడు. రంధ్రాలు పూడ్చి ఇస్త్రీ చేశాడు. మిగతా మూడూ కూడా అలాగే బాగుచేశాడు.

రెండ్రోజుల తర్వాత ఆవిడ పచ్చ గౌను వేసుకుని వంటగదిలోకొచ్చింది. "అక్కా, చూడవే! మొన్న వదులైందని హడలి చచ్చాను. ఇవాళ పట్టేసింది!" అంది. మొహం వెలిగిపోతోంది. గొట్టం భయంతో రెండ్రోజులుగా వాయిదా వేస్తున్న ఫోన్ ఇక అక్కర్లేదనుకుంది. ఆ ఆనందంలో గుడ్డు మొత్తం తినేసింది. కుర్చీలోంచి ఎనిమిది సార్లు లేచింది. మాస్టరు గుమ్మంలో నిలబడి అదంతా చూశాడు. ఇన్నాళ్ళకి తన చేతులు ఆవిడకి ఏదో చెయ్యగలిగాయి. డాక్టర్లకి తోచనిది తనకి తోచిందని కూడా అనుకున్నాడు. దాచడం ఎందుకు, గర్వపడ్డాడు.

ఇక అదే వరసైపోయింది. గౌను ఉతుక్కొచ్చినప్పుడల్లా కాస్త లోపలికి. ఆవిడ తగ్గుతోందని ఆయనకి తెలియదా? తెలుసు. ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రెండో వారానికి అంగుళమున్నర. అయితే అంగుళమున్నర అంటే ఎన్ని కిలోలో ఆయనకి లెక్క తెలియదు. అడగలేదు కూడా. ఇరవై ఒకటో రోజున ఆసుపత్రివాళ్ళు ఎలాగూ తూస్తారు, అప్పుడు వాళ్ళే చూసుకుంటారు, ఈలోపు పిట్ట నవ్వుతూ నాలుగు చెంచాలు తింటే చాలుననుకున్నాడు. భయపడ్డవాడు అలాగే అనుకుంటాడు. ఆయన్ని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ మనమైతే అడిగేవాళ్ళమా?

అడిగే అవకాశం ఒకసారి ఇంట్లోకే నడిచొచ్చింది. పదకొండో రోజున ఆవిడ మంచం మీద కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతోంది.

"లేదమ్మా, బాగానే ఉన్నాయి. వదులేం లేవు. పట్టేస్తున్నాయి కూడా. ఆ, తింటున్నా. ఎంత తినగలిగితే అంత తింటున్నా."

"ఎవరితో?" అన్నాడు మాస్టరు, చెప్పులు విప్పుతూ.

"ఆసుపత్రి అమ్మాయి. బట్టలెలా ఉన్నాయని అడిగింది."

"బట్టల సంగతి ఆ అమ్మాయికెందుకు?"

"ఆడవాళ్ళ మాటలు మీకెందుకండీ? వెళ్ళి కాళ్ళు కడుక్కోండి."

ఇంకో ప్రశ్న ఆయన నాలిక చివరిదాకా వచ్చింది. అడిగితే తను చేస్తున్న పని బయటపడుతుంది. బయటపడితే ఈ నవ్వు పోతుంది. వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు.

మూడో వారంలో వాళ్ళక్క ఒకసారి ఆయన్ని పెరట్లోకి పిలిచింది. "మరిదీ, దాని చేతులు చూశావా? గాజు జబ్బదాకా పోతోంది. నాకేదో భయంగా ఉంది. ఆసుపత్రికి తీసుకెళదామంటే, గౌను సరిగ్గానే ఉందిగా, నీకన్నీ అనుమానాలే అంటుంది. నువ్వు టైలరువి, నీ కంటికేమనిపిస్తోంది?" అంది.

"ఇంకో నాలుగు రోజులే కదా వదినా. వాళ్ళే చూస్తారు" అన్నాడు మాస్టరు. ఆ నాలుగు రోజులూ భార్య మొహం సరిగ్గా చూడలేకపోయాడు.

ఇరవై ఒకటో రోజున కౌంటరమ్మ పచ్చ గౌనే వేసుకుంది. తల దువ్వుకుంది, మిగిలినవి నాలుగు వెంట్రుకలే అయినా. ఆసుపత్రి మెట్లు ఎక్కలేక రెండుచోట్ల ఆగింది. "మందు నీరసం, అంతే" అని తనే చెప్పుకుంది. నర్సు తూకం ఎక్కించింది. అంకె చూసి, దింపి, మళ్ళీ ఎక్కించింది. ముప్ఫై ఆరున్నర.

"మీ మిషను పాడైంది" అంది కౌంటరమ్మ.

నర్సు పక్కగదిలో ఇంకో మిషను మీదికి తీసుకెళ్ళింది. అక్కడా ముప్ఫై ఆరున్నరే. డాక్టరమ్మ వచ్చింది, వెనకాలే డైటీషియను అమ్మాయి కూడా. డాక్టరమ్మ కనురెప్ప కిందికి లాగి చూసింది, మోచేతి దగ్గర చర్మం పట్టి వదిలింది. "ఇవాళ మందు ఎక్కించను. ఎక్కిస్తే ఈవిడ తట్టుకోదు. ముందే ఎందుకు తీసుకురాలేదు?" అంది.

"డాక్టరమ్మా, నా మాట వినండి" అంది కౌంటరమ్మ. గొంతు పాత కౌంటరు గొంతే, సగానికి సగం తగ్గింది గానీ. "మందు ఆపొద్దు. ఆపితే అది ఊరుకోదని మీరే కదా అన్నారు. ఈ అమ్మాయి చెప్పినట్టే రోజూ చూసుకున్నాను. గౌను ఒక్క రోజు వదులైంది, మళ్ళీ పట్టేసింది. ఇవాళ కూడా చూడండి, ఎక్కడైనా వదులుందా? తూకం అబద్ధం చెబుతుందేమో గానీ బట్టలెందుకు చెబుతాయి?" చుట్టూ చూసింది. గోడ పక్కన నిలబడ్డ మొగుడు కనిపించాడు. "ఏమండీ, మీరు చెప్పండి. ఇరవై ఏడేళ్ళుగా ఇదే పని చేస్తున్నారు, వీళ్ళకంటే మీకు తెలుసు. ఈ గౌను నాకు వదులా?"

అందరూ మాస్టరువైపు తిరిగారు.

డైటీషియను ఏం చెప్పిందో, ఫోన్‌లో బట్టల సంగతి ఎందుకు అడిగిందో ఆయనకి అప్పుడు అర్థమైంది. తల కొట్టేసినట్టయింది. భార్య ఇంకా ఆయనవైపే చూస్తోంది, అవునను, గట్టిగా చెప్పు అన్నట్టు. ఆయన నెమ్మదిగా దగ్గరికొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, గౌను అంచు పట్టుకుని పక్క కుట్టు లోపలి వైపు తిప్పి చూపించాడు. లోపల మడతల మీద మడతలు. రెండున్నర అంగుళాల బట్ట.

"నేనే పిట్టా" అన్నాడు. "నువ్వు ఏడుస్తుంటే చూడలేక."

కౌంటరమ్మ వంగి ఆ మడత వేళ్ళతో తడిమింది. చాలాసేపు తడిమింది. డైటీషియను అమ్మాయి మొహం పాలిపోయింది. "పది రోజుల కిందట వచ్చుంటే గొట్టం వేసేవాళ్ళం" అని గొణిగింది, ఎవరితో అంటోందో తనకే తెలియనట్టు.

ఆ సాయంత్రమే వార్డులో చేర్చుకున్నారు. గొట్టం వేశారు. సీసాలోంచి తెల్లటి తిండి చుక్కచుక్కగా లోపలికి పోయేది. ఆవిడ ఒళ్ళు దాన్ని తీసుకోలేదు. విరేచనాలు పట్టుకున్నాయి, కాళ్ళు ఉబ్బాయి. వారానికి అరకిలో పెరిగితే అది నీరేనన్నారు. వాళ్ళక్క చెంచా పట్టుకుని కూర్చోవడానికి కూడా పని లేక, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. చెల్లెల్ని తిట్టడం మానేసింది. మరిదితో ఒక్క ముక్క మాట్లాడేది కాదు. ఆయనకి అదే కాస్త నయంగా ఉండేది. ఎవరో ఒకరు కోప్పడుతున్నారు కదా అని.

కౌంటరమ్మకి కోపం రాలేదు. అది ఆయన తట్టుకోలేకపోయాడు. నాలుగో రోజున మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు. "నన్ను తిట్టు పిట్టా. బస్సు తప్పిపోయినవాళ్ళని తిట్టినట్టు తిట్టు" అన్నాడు.

ఆవిడ గొట్టం కదలకుండా తల అటు నుంచి ఇటు తిప్పింది. "నేనూ దాచానుగా. ఆ అమ్మాయి చెప్పిన మాట మీకు చెప్పాల్సింది" అంది. "ప్రతి పూటా గిన్నెలో రెండు చెంచాలు వదిలేసేదాన్నండీ. అక్క చూడకుండా కాయితంలో చుట్టి పారేసేదాన్ని. వాంతి గొంతులో ఉండేది, ఆ రెండు చెంచాలూ కొండంత అనిపించేవి. గౌను సరిపోతోందిగా, ఈ రెండిటికీ ఏమైపోతుందిలే అనుకునేదాన్ని. వదులవుతోందని తెలిస్తే ఏడుస్తూనే మింగేదాన్ని."

రోజుకి ఏడెనిమిది సార్లు, రెండేసి చెంచాలు. ఆ లెక్క మాస్టరు తలలో అప్పుడు మొదలై ఇక ఆగలేదు.

పదహారో రోజున డాక్టరమ్మ స్కాను ఫిల్ములు వెలుగుకి పెట్టి చూపించింది. ఈలోపు జబ్బు ఆగలేదు, కాలేయం మీదికి పాకింది. ఇప్పుడు ఈ ఒంటికి ఏ మందూ ఎక్కించే వీల్లేదని చెప్పింది. ఇంటికి తీసుకెళ్ళి నొప్పి తెలియకుండా చూసుకోమంది. మొదటి రోజున చెప్పినట్టే, దాచకుండా చెప్పింది. మాస్టరు తలూపాడు.

ఇంటికెళ్ళే రోజున వేసుకోవడానికి పచ్చ గౌనే కావాలంది ఆవిడ. "అన్ని కుట్లూ విప్పి తీసుకురండి" అంది. ఆయన షాపుకెళ్ళి ఒక్కో కుట్టూ విప్పాడు, మొదట ఆవిడకి ఎలా కుట్టాడో అలాగే చేసి తెచ్చాడు. నర్సూ అక్కా కలిసి తొడిగారు. మెడ ఒకవైపు భుజం మీదికి జారిపోయింది. ఉబ్బిన పాదాల పైన మిగతా గౌనంతా ఖాళీగా వేలాడింది. అలవాటున ఆయన చెయ్యి ముందుకెళ్ళి నడుం దగ్గర వదులుని రెండు వేళ్ళతో మడిచి పట్టుకుంది. ఆవిడ ఆ చేతిని తీసి పక్కన పెట్టింది.

"ఎంత వదులుందో చెప్పండి" అంది.

"కాస్త..."

"కాస్త కాదు. నిజం చెప్పండి."

"నాలుగంగుళాలు" అన్నాడు మాస్టరు. "పైనే ఉంటుంది."

ఆవిడ తలూపింది. పైనించి కిందిదాకా తన్ను తాను ఒకసారి చూసుకుంది. ఏడవలేదు. "ఇదే, ఇలాగే మొదట్లో చెప్పుంటే తినేదాన్నండీ" అంది, తగువాడుతున్నట్టు కాదు, జరిగింది చెబుతున్నట్టు.

కింద బండి వచ్చిందన్నారు. మెట్లు దిగలేనంటే ఆయన ఎత్తుకున్నాడు. ఎత్తుకోవడానికి రెండు చేతులూ చాచాడు గానీ, ఒక్కటి సరిపోయింది.